ఎనిమిది గంటలు ఓపిక పట్టాలా?

మా మామయ్యగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి ఫ్రేము కట్టించడానికి మంచి ఫోటో ఒకటి చూడమన్నారు అత్తయ్యగారు. ఇప్పుడు గోడ మీద ఉన్నది పెన్షను కాగితాల కోసం స్టూడియోలో తీయించింది. "అందులో ఆయన ఎవరి మీదో చిరాకు పడుతున్నట్టు ఉంటారమ్మా. నవ్వుతున్నది ఒకటి ఉంటే చూడు" అన్నారు.

నవ్వుతున్నవి చాలానే ఉండాలి. ఎక్కడున్నాయో కూడా నాకు తెలుసు. అందరిళ్ళల్లో బిస్కెట్ల రేకు డబ్బా తెరిస్తే సూదీ దారం ఉంటాయి. మా ఇంట్లో దాన్నిండా మెమరీ కార్డులు. 2011లో కొన్న చిన్న కెమెరావి, ఆ తర్వాత మారిన ఫోన్లవి, మొత్తం ఆరు. ఒక్కోటీ బొటనవేలి గోరంత. పిల్లల అక్షరాభ్యాసం దగ్గర్నుంచి మామయ్యగారి ఆఖరి సంక్రాంతి దాకా అన్నీ వాటిలోనే ఉన్నాయి. కార్డు నిండగానే తీసి డబ్బాలో వెయ్యడం, ఇంకోటి కొనడం. "కంప్యూటర్లోకి ఎక్కించాలి" అనుకోవడం మాత్రం ప్రతిసారీ ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం అన్నిటికంటే పెద్ద కార్డు తీసి, రీడర్లో పెట్టి, కంప్యూటర్‌కి తగిలించి, మొత్తం కాపీ కొట్టాను. 28 జీబీ. తెర మీద ఎంతసేపు పడుతుందో చూపించింది. దాదాపు 8 గంటలు.

మా ఆయనకి చెబితే "పాత కార్డులు కదా, అంతే. రాత్రి పెట్టి పడుకో" అన్నారు. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే "సంక్రాంతికి వచ్చినప్పుడు నేను చూస్తాలే అమ్మా" అన్నాడు. ఇద్దరి మాటలో తప్పేం లేదు. కానీ ఆ "చూస్తాలే" నేను మూడు సంక్రాంతుల నుంచి వింటున్నాను. వాడు వస్తాడు, నాలుగు రోజులుంటాడు, స్నేహితుల్ని కలుస్తాడు, అరిసెలు డబ్బాలో పెట్టించుకుని వెళ్ళిపోతాడు. కార్డులు మళ్ళీ బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళిపోతాయి.

ఈసారి సంవత్సరీకం సంక్రాంతి దాకా ఆగదు. అందుకని నేనే కూర్చున్నాను. నేను చదివింది బి.ఏ. తెలుగు. సంధులూ సమాసాలూ విడదీయమంటే విడదీస్తాను గానీ కంప్యూటర్ విప్పమంటే నా వల్ల కాదు. ఈ పనికి ఏదీ విప్పక్కర్లేదని తర్వాత తెలిసింది. ఇల్లు నడిపేవాళ్ళకి రోజూ ఉండే తెలివే సరిపోయింది.

మీ వంటింట్లో కుళాయి సన్నగా వస్తుంటే ఏం చేస్తారు? పక్క కుళాయి తిప్పి చూస్తారు. అది ధారగా వస్తే టాంకులో నీళ్ళున్నట్టే, తప్పు ఈ కుళాయిదే. మూతి విప్పి చూస్తే జల్లెడలో ఇసక అడ్డుపడి ఉంటుంది. రెండూ సన్నగానే వస్తే మేడ మీదకి వెళ్ళి టాంకు చూస్తారు. టాంకు ఎంత పెద్దదైనా, పైపు ఎంత లావుదైనా, మధ్యలో ఎక్కడ ఇరుకుందో నీళ్ళు అంతే వస్తాయి. కార్డులోంచి ఫోటోలు రావడమూ అచ్చం ఇంతే. కార్డు టాంకు. రీడరూ, దాన్ని తగిలించే సాకెట్టూ పైపు. కంప్యూటర్లోని హార్డ్ డిస్కు కింద పెట్టిన బిందె. వీటిలో ఒక్కోదాన్నీ మార్చి చూడాలి. ఒకేసారి రెండు మార్చకూడదు. మారిస్తే పులుసులో ఉప్పు ఎక్కువైందా చింతపండు తక్కువైందా తెలియనట్టే అవుతుంది.

మొదట సాకెట్టు మార్చాను. మా సీపీయూ బల్ల కింద గోడవైపుకి ఉంటుంది. వంగి వెనక్కి చెయ్యి పెట్టాలంటే మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని మా ఇంట్లో ఏదైనా సరే పాత కీబోర్డు పక్కన ఉన్న యూఎస్‌బీ సాకెట్టుకే తగిలిస్తాం. ఎప్పటి నుంచో అదే అలవాటు. రీడర్ని అందులోంచి తీసి, నేల మీద కూర్చుని, సీపీయూ వెనకాలే తగిలించాను. మళ్ళీ కాపీ కొట్టాను. 8 గంటలు కాస్తా 26 నిమిషాలైంది.

నేను ఏ తప్పూ సరిచేయలేదు. సాకెట్టు మార్చానంతే. ఎందుకలా అయిందని వెతికితే తెలిసింది ఇది. యూఎస్‌బీ అని మనం ఒకే పేరుతో పిలిచేవాటిలో తరాలున్నాయి. మొదటి తరం సాకెట్లు సెకనుకి 12 మెగాబిట్లు పంపగలవు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే లెక్కకి సెకనుకి ఒకటిన్నర ఎమ్‌బీ, నిజంగా చేతికొచ్చేది ఒక ఎమ్‌బీకి అటూఇటూ. చాలా పాత కీబోర్డుల పక్కన ఉండేవి ఇవే. మౌసుకి చాలు, ఫోటోలకి చాలవు. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 సెకనుకి 480 మెగాబిట్లు అంటుంది, చేతికొచ్చేది 30 నుంచి 40 ఎమ్‌బీ. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 దానికి పది రెట్లు. చాలా కంప్యూటర్లలో ఈ మూడో తరం సాకెట్టు లోపలి నాలుక నీలంగా ఉంటుంది, లేదా పక్కన ఎస్‌ఎస్ అన్న గుర్తు ఉంటుంది. మీ కంప్యూటర్ వెనక్కి ఒకసారి తొంగి చూడండి. నీలంది ఒకటి ఉండి కూడా మీరు నల్లదానికే తగిలిస్తున్నారేమో.

ఆ 26 నిమిషాలూ తగ్గుతాయేమోనని కొత్త రీడర్ కూడా తెప్పించి నీలం సాకెట్టుకి పెట్టాను. ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. అప్పుడు కార్డుని వెలుతురులో పట్టుకుని చూశాను. దాని మీద సున్నా తెరిచినట్టు ఒక సి అక్షరం, లోపల 4 అంకె. ఆ అంకె కార్డు తరగతి. 4 అంటే కార్డులోకి రాసేటప్పుడు సెకనుకి కనీసం 4 ఎమ్‌బీ రాయగలదని హామీ, 10 అంటే 10 ఎమ్‌బీ. యు అక్షరంలో 1 ఉంటే 10, 3 ఉంటే 30. ఇది రాసే వేగం. కార్డు మీద పెద్దక్షరాలతో 100 అనో 150 అనో వేసేది చాలావరకు చదివే వేగం, అదీ అన్నీ కుదిరితే. నా పాత కార్డు ఇవ్వగలిగింది సెకనుకి 18 ఎమ్‌బీ. దానికి ఎంత మంచి రీడర్ పెట్టినా దండగే. టాంకు గొట్టమే సన్నంగా ఉంటే ఖరీదైన కుళాయి ఏం చేస్తుంది? కాబట్టి ముందు మీ కార్డు మీద ఏముందో చదివి, ఆ తర్వాతే రీడర్ కొనండి. దుకాణంవాడు ముందు రీడరే అమ్ముతాడు.

అయితే ఆ రీడర్ వృథా పోలేదు. మా అమ్మాయి ఫోన్లో 64 జీబీ కొత్త కార్డుంది. ఫోన్‌కి కేబుల్ పెట్టి కాపీ కొడితే లెక్క కడుతూనే కూర్చుంది, పని మొదలవడానికే పావుగంట పట్టింది. కేబుల్ పెట్టినప్పుడు కంప్యూటర్ నేరుగా కార్డుని చదవదు. ప్రతి ఫోటో ఫోన్‌ని అడిగి తీసుకోవాలి. పక్కింటి పెరట్లో కరివేపాకు కోసుకోవడానికి ప్రతి రెబ్బకీ తలుపు తట్టినట్టు. ఫోన్ ఆపేసి, కార్డు తీసి, కొత్త రీడర్లో పెట్టి, నీలం సాకెట్టుకి తగిలిస్తే పెద్ద వీడియోలు సెకనుకి 70 ఎమ్‌బీ చొప్పున పరిగెత్తాయి. మీ ఫోన్లో కార్డు తీసే వీలుంటే తీసే చేయండి.

కానీ కాసేపటికి ఆ 70 కాస్తా 4కి, 3కి పడిపోయింది. మళ్ళీ ఏమైందా అని చూస్తే వాట్సాప్ ఫోల్డరు వచ్చింది. గుడ్ మార్నింగ్ గులాబీలు, శుక్రవారం లక్ష్మీదేవులు, ఎవరి పెళ్ళికార్డులో, వేలకి వేలు చిన్న చిన్న బొమ్మలు. ఒక్క పెద్ద వీడియో కంటే అంతే బరువున్న వెయ్యి చిన్న బొమ్మలు కాపీ అవడానికి ఎక్కువసేపు పడుతుంది. ప్రతిదానికీ పేరు రాసుకోవాలి, చోటు చూసుకోవాలి, మూత పెట్టాలి. పైగా వైరస్ కాపలా పెట్టిన సాఫ్ట్‌వేర్ ఒక్కోదాన్నీ ఆపి సంచీ తనిఖీ చేస్తుంది. కాపలా తీసెయ్యమని నేను చెప్పను. ఆ గులాబీలని ఎక్కించడం మానేశాను, అంతే. కెమెరా ఫోల్డరు ఒక్కటీ తీసుకుంటే పని సగమైంది.

ఇక బిందె సంగతి. ఎక్కించే చోటు ఇరుగ్గా ఉన్నా ఇదే గోల. అది తెలుసుకోవడం తేలిక. కంప్యూటర్లోనే ఉన్న ఒక పెద్ద సినిమాని ఒక ఫోల్డర్లోంచి ఇంకో ఫోల్డర్లోకి కాపీ కొట్టి చూడండి. అదీ ఈడుస్తుంటే తప్పు కార్డుది కాదు, మీ డిస్కుది. నిండిపోయి ఉండొచ్చు, ముసలిదైపోయి ఉండొచ్చు.

ఇదంతా వింటే మా ఆయన మాటే నిజం కదా అనిపించొచ్చు. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోయేదిగా, ఇంత శ్రమ ఎందుకు? నేనూ రెండ్రోజులు అలాగే అనుకున్నాను, ఐదో కార్డు పెట్టేదాకా.

అది 16 జీబీది, మామయ్యగారు వాడి వదిలేసిన ఫోన్లోది. అదే రీడరు, అదే నీలం సాకెట్టు, అంతకుముందు 70తో పరిగెత్తిన దారే. బాగానే మొదలైంది. ఒక వీడియో దగ్గర వేగం పడిపోయి సున్నా దగ్గర నిలబడింది. అయిదు నిమిషాల తర్వాత కదిలింది. ఇంకోచోట మళ్ళీ ఆగింది. ఆ తర్వాత ఫైలు చదవలేకపోతున్నానని చెప్పి మొత్తం పనే ఆపేసింది. కార్డు తీసి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పెడితే ఈసారి ఇంకా ఆలస్యంగా కనిపించింది.

అప్పుడర్థమైంది. ఇంతవరకూ చూసిన నెమ్మదికి కారణం దారిలో ఉంది. ఈ నెమ్మది కార్డులోనే ఉంది. దారి బాగున్నా అది తడబడుతోందంటే పోబోతోందన్నమాట. మెమరీ కార్డు కాగితం కాదు, కల్వంలో నూరి వేసిన మందూ కాదు. అందులో సమాచారాన్ని కంటికి కనిపించని చిన్న చిన్న గదుల్లో విద్యుత్తుగా దాస్తారు. ఏళ్ళ తరబడి ముట్టుకోకుండా వదిలేస్తే అది కొద్దికొద్దిగా కారిపోగలదు. బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉందనుకున్నది నా భ్రమ.

ఇలాంటి కార్డు ఎదురైతే మొత్తం ఒకేసారి కాపీ కొట్టకూడదు. పిచ్చి బొమ్మల కోసం పెనుగులాడుతూ అసలైనది అందకుండానే అది ప్రాణం వదలొచ్చు. ముఖ్యమైనవి ముందు, ఒక్కొక్కటిగా తీయాలి. కంప్యూటర్ "ఫార్మాట్ చేయనా?" అని అడుగుతుంది, వద్దనాలి. దాంట్లోకి కొత్తగా ఏమీ రాయకూడదు. పోయిన ఫోటోల్ని వెతికి తీసే ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాంతో దొరికినవాటిని కూడా అదే కార్డులోకి కాకుండా వేరే డిస్కులోకే వేసుకోవాలి.

మామయ్యగారి కార్డులో 11 వీడియోలున్నాయి. ఆయన ఫోన్‌తో ఇంట్లోవాళ్ళం తీసినవి. ఒక్కోదాన్నీ లాగుతూ రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. 9 వచ్చాయి. 2 రాలేదు. ఎన్ని విధాలుగా ప్రయత్నించినా రాలేదు. వాటి పేర్లు కనిపిస్తున్నాయి, తేదీలు కనిపిస్తున్నాయి. ఒకటి మా అమ్మాయికి ఆయన ఎక్కాలు చెప్పించిన రోజుది. పదమూడో ఎక్కం దగ్గర అది తప్పితే, సరిదిద్దబోయి ఆయనా తప్పారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు గుర్తుంది, ఎందుకంటే తీసింది నేనే. ఇప్పుడది నాకు గుర్తున్నంతవరకే ఉంది.

మూడు సంక్రాంతుల కిందట ఆ కార్డు పెట్టి ఉంటే ఆ రెండూ వచ్చేవా? ఖాయంగా చెప్పలేను. కానీ అప్పుడు పెట్టలేదన్నది మాత్రం ఖాయం.

అందుకే నా అభిప్రాయం ఒక్కటే. ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువని అందరూ మెచ్చుకుంటారు, మనమూ అది విని మురిసిపోతాం. మిక్సీ మోత మారినా, ఫ్రిజ్ చల్లదనం తగ్గినా, ఒంట్లో నలతగా ఉన్నా "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంటాం. కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి ఆ ఓపిక రెట్టింపవుతుంది, అది మన వస్తువు కాదని మనకే ఓ నమ్మకం. 8 గంటలని చూపిస్తే 8 గంటలూ కూర్చుంటాం, లేదా అబ్బాయి వచ్చేదాకా ఆగుతాం. కానీ నెమ్మదిగా ఉండటమంటే ఎక్కడో ఏదో అడ్డుందని అది చెబుతోందన్నమాట. సాకెట్టు అడ్డయితే పోయేది మధ్యాహ్నం నిద్రే. కార్డు అడ్డయితే పోయేది మనిషి గొంతు. ఏదో తెలుసుకోకుండా ఓపిక పట్టడం మంచితనం కాదు, అశ్రద్ధ. ఈ మాట ముందు నన్ను నేనే అనుకుంటున్నాను.

ఫోటోలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దాచుకోవచ్చుగా అని మీలో కొందరు అడుగుతారు. దాచుకోండి, మంచిదే. కానీ గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిళ్ళూ ఉంటాయి. లెక్కలేకుండా ఫోటోలు ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1 నుంచి పోయింది. ఎంత కొనుక్కున్నా, ముందు కార్డులోంచి బయటికి తీస్తేనే కదా అక్కడికి ఎక్కించేది.

నేనిప్పుడు పాటిస్తున్న పద్ధతి చెబుతాను. కార్డు నిండేదాకా ఆగను. ప్రతి మూడు నెలలకీ, గ్యాస్ పుస్తకంలో రాసుకున్నట్టు, ఒక తేదీ రాసుకుని తీస్తాను. కట్ చేయను, కాపీయే చేస్తాను, మధ్యలో కరెంటు పోయినా అసలుది కార్డులో ఉంటుంది. అయ్యాక అక్కడెన్ని, ఇక్కడెన్ని, బరువెంత అని సరిచూస్తాను. మధ్యలోవి నాలుగైదు తెరిచి చూస్తాను. తర్వాత బయట పెట్టుకునే హార్డ్ డిస్కులోకి ఇంకో కాపీ. రెండు చోట్ల ఉన్నాకే కార్డు ఖాళీ చేస్తాను. మామూలుగా వచ్చే కార్డు హఠాత్తుగా నెమ్మదించిందంటే ఆ రోజే దానికి రిటైర్మెంటు.

నవ్వుతున్న ఫోటో దొరికింది. మొదటి కార్డులోనే, ఆ 26 నిమిషాల్లోనే. అరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు వలుస్తూ కెమెరా వైపు చూశారు. అది ఫ్రేము కట్టించాం. దానితో పాటు ఆ తొమ్మిది వీడియోల్లో ఒకటి అత్తయ్యగారికి చూపించాను. అందులో మామయ్యగారు కనిపించేది కాసేపే. నేను తీస్తుంటే "అమ్మాయ్, ఆ డబ్బా పక్కన పెట్టి నువ్వూ వచ్చి కూర్చో" అన్నారు. అంతటితో అయిపోతుంది.

అత్తయ్యగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మళ్ళీ పెట్టమ్మా" అన్నారు. పెట్టాను.

మీ ఇంట్లోనూ ఏదో ఒక డబ్బా ఉండే ఉంటుంది. ఈ వారమే తెరవండి.